నాయకుడికీ వినయానికీ ధాతువు ఒక్కటే

సంస్కృత ధాతుపాఠంలో ‘ణీఞ్ ప్రాపణే’ అని ఒక ధాతువు ఉంది. తీసుకొనిపోవడం, గమ్యానికి చేర్చడం దాని అర్థం. నేత, నాయకుడు, నీతి, నయం అనే మాటలన్నీ ఆ ధాతువుకు పుట్టిన బిడ్డలే. దానికి ‘వి’ అనే ఉపసర్గ చేరితే ‘వినయం’ అవుతుంది. అంటే నాయకుడూ వినయమూ ఏకోదరులన్నమాట! తెలుగు పాఠం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక మాటల వెంట పోవడం నాకు అలవాటు. అయితే ఈ వ్యుత్పత్తి వెనుక కేవలం పండిత వినోదం కాక వేరొక సంగతి కూడా ఉన్నది.

వినయాన్ని మనం సాధారణంగా నమ్రతతో కలిపివేస్తాము. నమ్రత ‘నమ్’ ధాతువు నుంచి వచ్చింది. దానికి అర్థం వంగడం. చేతులు జోడించి నడుము వంచే నాయకులకు మన దేశంలో కరవు లేదు, ఎన్నికల ముందైతే మరీను! వినయానికి మొదటి అర్థం శిక్షణ. తనను తాను దిద్దుకోవడం, ఇతరులు దిద్దితే దిద్దించుకోవడం. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో మొట్టమొదటి అధికరణానికి ‘వినయాధికారికం’ అని పేరు పెట్టాడు. కోటలూ, కోశమూ, సేనలూ అన్నీ ఆ తరువాతనే. గూఢచారుల నియామకం సైతం ఆ అధికరణంలోనే విద్యనూ, వృద్ధసేవనూ, ఇంద్రియజయాన్నీ చెప్పిన పిమ్మటనే వస్తుంది. తనను తాను అదుపు చేసుకోలేని ప్రభువు చేతికి వేగులవారిని అప్పగించడం ప్రమాదమని ఆయన ఎరుగును.

ఉగ్రవాదంపై పోరాటమని మనం పిలుచుకునే ఈ సుదీర్ఘమైన వ్యవహారంలో ఈ వినయం ఎంతవరకు ఉన్నదో విచారించడమే ఈ టపా ఉద్దేశ్యం. ఒక పార్టీని తిట్టి మరొక పార్టీని మెచ్చుకోవడానికి దీనిని వ్రాయడం లేదు. ఈ విషయంలో అందరిదీ ఒకే బడి.

ప్రతి దాడి తరువాతా వెలువడే ప్రకటనల వ్యాకరణాన్ని ఒకసారి గమనించండి. ముష్కరులు హతమైనప్పుడు, ‘మేము మట్టుబెట్టాము’ అంటారు. అక్కడ కర్త స్పష్టం. అమాయకులు హతమైనప్పుడు మాత్రం, ‘కొన్ని లోపాలు జరిగాయి’ అంటారు. ఆ వాక్యంలో కర్త ఎవరు? లోపాలే! అవి వాటంతట అవే జరిగిపోయాయన్నమాట. మొదటి వాక్యంలో నిటారుగా నిలబడిన ‘మేము’ రెండవ వాక్యం వచ్చేసరికి ఎక్కడకు పోయినట్లు? ఒక ప్రజాస్వామ్యంలో జవాబుదారీతనం ఎంత ఉన్నదో తెలుసుకోవాలంటే ఆ కర్తను వెదకితే చాలును.

2008 నవంబరు 26 రాత్రిని తీసుకుందాం. సముద్రమార్గాన వచ్చిన పదిమంది ముంబయి నగరాన్ని దాదాపు 60 గంటలపాటు గడగడలాడించారు. 166 మంది ప్రాణాలు కోల్పోయారు. హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సాలస్కర్ వంటి అధికారులు నేలకొరిగారు. తుకారాం ఓంబ్లే అనే పోలీసు కేవలం లాఠీ చేతపట్టి, కసబ్ తుపాకీని రెండు చేతులా అదిమిపట్టి గుళ్లన్నీ తన ఒంట్లోకే తీసుకున్నాడు. ఆ కారణంగానే ఒక ముష్కరుడు ప్రాణాలతో దొరికాడు, కుట్ర మూలాలు బయటపడ్డాయి. కింది మెట్టు మీద నిలిచిన మనిషి తన బాధ్యతను అంతటి మూల్యం చెల్లించి నెరవేర్చాడు. మరి పై మెట్టు మీద ఏమి జరిగింది?

జాతీయ భద్రతా దళం మానేసర్ నుంచి కదలి ముంబయిలో పని మొదలుపెట్టేసరికి మరునాటి ఉదయమైంది. మహారాష్ట్ర ఉపముఖ్యమంత్రి, హోంశాఖను కూడా చూస్తున్న ఆర్.ఆర్. పాటిల్, పెద్ద నగరాలలో ఇటువంటి చిన్న ఘటనలు జరుగుతూ ఉంటాయన్న ధోరణిలో మాట్లాడారు. ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ కాలిపోయిన తాజ్ హోటలును చూడడానికి వెళుతూ నటుడైన తన కుమారుడినీ, సినీ దర్శకుడు రాంగోపాల్ వర్మనూ వెంట తీసుకొని వెళ్లారు. దేశం ఛీ అన్నది. కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేశారు. ఆర్.ఆర్. పాటిల్, దేశ్‌ముఖ్ కూడా పదవులు విడిచారు. నైతిక బాధ్యత నెరవేరిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తరువాతి కథ ఎంతమందికి జ్ఞాపకమున్నదో! దేశ్‌ముఖ్ 2009 మే నెలలో కేంద్రమంత్రి అయినారు. ఆర్.ఆర్. పాటిల్ అదే సంవత్సరం నవంబరులో తిరిగి అదే హోంశాఖకు మంత్రి అయినారు. శివరాజ్ పాటిల్ 2010 జనవరిలో పంజాబు గవర్నరు అయినారు. వారు మరల పదవులు చేపట్టకూడదని నేననను. శిక్ష యావజ్జీవం కానక్కరలేదు. నా ప్రశ్న వేరు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరైనా, ‘ఆ రాత్రి నా శాఖ ఇక్కడ విఫలమైంది, అందుకు కారణం ఇది, నేను చేయక మానినది ఇది’ అని పూసగుచ్చినట్లు ప్రజలకు చెప్పారా? చెప్పనప్పుడు ఆ రాజీనామాను జవాబు అనవచ్చునా? జవాబు చెప్పవలసిన మనిషి లేచి బయటకు నడిచిపోవడం కూడా తప్పించుకోవడంలో ఒక మర్యాదైన పద్ధతే.

ఇటువంటి సమయాలలో అందరి నోటా వచ్చే పేరు లాల్ బహదూర్ శాస్త్రిగారిది. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు రైల్వేమంత్రిగా ఆయన రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు అంగీకరించలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగింది. ఈసారి రాజీనామా ఆమోదం పొందింది. మంత్రి స్వయంగా దోషి కాకపోయినా, రాజ్యాంగ మర్యాదకు ఉదాహరణగా నిలవాలని దానిని ఆమోదిస్తున్నానని నెహ్రూగారు పార్లమెంటులో చెప్పారు. ఎవరూ అడగకముందే రెండు పర్యాయాలు ముందుకు రావడంలో శాస్త్రిగారి గొప్పదనం ఉన్నది. నిజమే. అయితే మనం ఆయన నుంచి రాజీనామాను నేర్చుకున్నాము కానీ, ఆ మనోభావాన్ని నేర్చుకోలేదు. ఉత్సవవిగ్రహాన్ని ఊరేగించి మూలవిరాట్టును మరచిపోయాము.

ముంబయి ఉదంతంలో వినయం బొత్తిగా లేదనడం కూడా న్యాయం కాదు. 2008 డిసెంబరు 11న ప్రధాని మన్మోహన్ సింగ్ లోక్‌సభలో, ఈ ఘాతుకాన్ని నివారించలేకపోయినందుకు ప్రభుత్వం తరఫున ప్రజలకు క్షమాపణ చెప్పారు. కొత్తగా హోంమంత్రి అయిన చిదంబరం లోపాలు ఉన్నాయని అంగీకరించారు. ఆ అంగీకారం వెనుకనే పనులూ నడిచాయి. ఆ నెలలోనే జాతీయ దర్యాప్తు సంస్థకు చట్టం వచ్చింది. 2009లో భద్రతా దళానికి ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో పాటు మన హైదరాబాదులో కూడా కేంద్రాలు ఏర్పడ్డాయి. తప్పు ఎక్కడో ఒప్పుకున్న తరువాతనే మరమ్మతు సాధ్యమైందని గమనించాలి. రోగం లేదని బుకాయించేవాడికి వైద్యుడు ఏమి చేయగలడు?

అయినా పని సగమే అయింది. మహారాష్ట్ర ప్రభుత్వం నియమించిన రామ్ ప్రధాన్ సంఘం పరిధి ఆ రాష్ట్ర యంత్రాంగం వరకే. కేంద్ర నిఘా సంస్థలను ప్రశ్నించే అధికారం దానికి లేదు. దేశం మొత్తాన్ని కలుపుకొని, ఎక్కడెక్కడ ఏ హెచ్చరిక ఆగిపోయిందో విచారించి ప్రజల ముందు పెట్టిన సంఘం కేంద్రస్థాయిలో ఏర్పడనే లేదు. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల మీద ఏర్పడిన కమిషన్ బహిరంగంగా సాక్ష్యాలు విన్నది. ఉగ్రవాద నిరోధానికి బాధ్యుడుగా ఉండిన రిచర్డ్ క్లార్క్ 2004 మార్చిలో ఆ కమిషన్ ఎదుట కూర్చొని, మృతుల బంధువుల వైపు తిరిగి, ప్రభుత్వం విఫలమైందనీ, తానూ విఫలమైనాననీ చెప్పి క్షమాపణ వేడుకున్నాడు. ఆ దేశం తరువాత ఇరాకులో చేసినది వేరే కథ, దానిని సమర్థించేవాడను కాను. కానీ ఆ ఒక్క వాక్యంలో కర్త ఉన్నాడు.

‘లోపాలు బయటపెడితే శత్రువుకు మేలు చేసినట్లు కాదా?’ అని కొందరు అడుగుతారు. కొట్టివేయదగిన ప్రశ్న కాదు. దానికి సమాధానం మన దేశంలోనే ఉన్నది. 1999లో కార్గిల్ యుద్ధం ముగిసిన కొద్దిరోజులలోనే వాజపేయి ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘాన్ని నియమించింది. శత్రువు చొరబాటును మనం ఎందుకు పసిగట్టలేకపోయామన్నది దాని ప్రశ్న. 2000 ఫిబ్రవరిలో నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. రహస్యమనుకున్న భాగాలను తొలగించి మిగిలినది అచ్చువేశారు. దేశభద్రతకు ముప్పేమీ రాలేదు సరికదా, ఆ నివేదిక నుంచే నిఘా వ్యవస్థలో పెద్ద సంస్కరణలు మొదలైనాయి. గెలిచిన యుద్ధం గురించి కూడా తప్పులు వెదకుకున్న దేశం మనది. అదే మర్యాద ఉగ్రవాద దాడులకు ఎందుకు వర్తించకూడదు?

ఇక మన ఊరి సంగతికి వద్దాం. జవాబుదారీతనంలో ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వమే. మరొక పార్శ్వం హైదరాబాదులో కనబడుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలింది. తొమ్మిదిమంది మరణించారు. ఆ తరువాత చెలరేగిన గొడవలో పోలీసు కాల్పులకు మరి ఐదుగురు బలి అయినారు. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠిలోని గోకుల్ చాట్‌లో పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ సంవత్సరమే పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో యువకులను పట్టుకొనిపోయారు. చిత్రహింసలు పెట్టారని వారు మొరపెట్టుకున్నారు. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. కొన్నేళ్ల తరువాత రాష్ట్ర ప్రభుత్వం కొందరికి పరిహారమూ, నిర్దోషులని ధ్రువపత్రాలూ ఇచ్చింది. 2013లో ఉన్నత న్యాయస్థానం ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది.

మసీదు కేసు అక్కడితో ఆగలేదు. దర్యాప్తు సీబీఐకి, అటుపిమ్మట జాతీయ దర్యాప్తు సంస్థకు చేరింది. ఈసారి నిందితులు వేరు, వారి మతం వేరు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం విచారణకు వచ్చిన ఐదుగురినీ నిర్దోషులని తీర్పు చెప్పింది. గోకుల్ చాట్, లుంబినీ కేసులో అదే సంవత్సరం సెప్టెంబరులో ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. కానీ మక్కా మసీదులో తొమ్మిదిమందిని చంపినదెవరు? ఇన్నేళ్లు గడచినా రాజ్యం దగ్గర సమాధానం లేదు. మొదట ఒక మతం వారిని చూపినప్పుడు ఒక వర్గం నాయకులు, పిదప మరొక మతం వారిని చూపినప్పుడు వేరొక వర్గం నాయకులు బల్లలు చరిచారు. విచారణ వీగిపోయిన రోజున ఆ గొంతులన్నీ మూగవోయాయి. ‘మేము తొందరపడి మాట్లాడాము’ అని ఒక్కరంటే ఒక్కరు అన్న దాఖలా నాకు కనబడలేదు.

నిందితుణ్ణి పట్టుకున్నప్పుడు ముసుగు వేసి విలేఖరుల ముందు నిలబెడతారు. నిర్దోషి అని తేలినప్పుడు అతడు ఒంటరిగా జైలు గుమ్మం దిగి ఆటో కోసం వెదకుకుంటాడు. మొదటి సంఘటన మొదటి పుటలో, రెండవది లోపలి పుటలో చిన్న అక్షరాలలో. కణ్ణగి కథ మనందరం ఎరిగినదే. కోవలుణ్ణి దొంగ అని పొరబడి చంపించిన పాండ్యరాజు, సత్యం తెలిసిన క్షణాన తానే దొంగనని ఒప్పుకొని సింహాసనం మీదనే కుప్పకూలాడు. మన మంత్రులు ప్రాణాలు విడువవలసిన పనిలేదు. ఒక విలేఖరుల సమావేశం పెట్టి, ‘ఇతడు నిర్దోషి, మేము పొరబడ్డాము’ అని ఒక్క వాక్యం చెబితే చాలును. పొరపాటున ఒక అమాయకుణ్ణి లోపల వేసిన ప్రతిసారీ ఒక హంతకుడు బయట నిశ్చింతగా తిరుగుతున్నాడన్నది మరచిపోరాదు. ఇది కరుణ మాత్రమే కాదు, భద్రతకు సంబంధించిన లెక్క కూడా.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మరల పేలుళ్లు. ఆ కేసులో దోషులకు శిక్షలు పడ్డాయి, అది వేరు సంగతి. ఆ సాయంత్రమే కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే, ముందుగానే సమాచారం ఉన్నదనీ, రాష్ట్రాలకు తెలియజేశామనీ అన్నారు. అవి మామూలుగా అన్ని నగరాలకూ వచ్చే హెచ్చరికలేనని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. రెండుచోట్లా ఒకే పార్టీ ప్రభుత్వం! అయినా ఆడలేక మద్దెల ఓడన్నట్లు ఒకరినొకరు చూపుకున్నారు. ‘హెచ్చరిక పంపాము’ అనడం పోస్టుమాను జవాబు. అది చేరిందా, చదివారా, చదివి ఏమి చేశారు అని వెంటబడి అడగడం నాయకుడి పని.

ఈ పోస్టుమాను జవాబుకు పొరుగుదేశపు న్యాయస్థానం ఎటువంటి తీర్పు చెప్పిందో చూడండి. 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ నాడు, శ్రీలంకలో చర్చిలలో, హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగి 260 మందికి పైగా చనిపోయారు. దాడి జరగవచ్చునని భారత నిఘా వర్గాలు ఏప్రిల్ మొదటి వారం నుంచే హెచ్చరించాయి. ఆ హెచ్చరికలు తన వరకు రాలేదని దేశాధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన వాదించారు. 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదాన్ని అంగీకరించక, బాధితులకు పది కోట్ల రూపాయలు (శ్రీలంక రూపాయలు) సొంతంగా చెల్లించాలని ఆయనను ఆదేశించింది. పోలీసు, నిఘా అధిపతులకూ వేరువేరుగా జరిమానాలు పడ్డాయి. ‘నాకు తెలియదు’ అన్నది సాకు కాదనీ, తెలిసే ఏర్పాటు చేసుకోవడమే పాలకుడి ధర్మమనీ దీని సారాంశం.

నార్వే కథ మరొక విధం. 2011 జులై 22న ఒక దుండగుడు ఓస్లోలో బాంబు పేల్చి, ఊటోయా దీవిలో పిల్లలను కాల్చి, మొత్తం 77 మందిని పొట్టనపెట్టుకున్నాడు. ప్రధాని స్టోల్టెన్‌బర్గ్ నియమించిన సంఘమే 2012 ఆగస్టులో, ఆ బాంబుదాడిని నివారించగలిగి ఉండేవారని తేల్చి చెప్పింది. ప్రభుత్వ భవనం ముందున్న వీధిని వాహనాలకు మూసివేయాలని ఏళ్ల క్రితమే నిర్ణయించి, మూయకుండా కాలం గడిపారు! ప్రధాని సంఘాన్ని తప్పుపట్టలేదు. బాధ్యత తనదేనన్నారు, క్షమాపణ చెప్పారు, రాజీనామా చేయక లోపాలను సరిదిద్దే పనికి పూనుకున్నారు. మరుసటి ఎన్నికలలో ప్రజలు ఆయనను ఓడించారు. సరే, అదీ ప్రజాస్వామ్యమే. ఓడినంత మాత్రాన ఆయన గౌరవం తగ్గలేదు. నాటో వంటి సంస్థకు దశాబ్దంపాటు సారథి అయినారు.

అంత దూరం పోనక్కరలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ముష్కరులు కాల్చిచంపారు. చనిపోయినవారిలో మన ఆంధ్రులు కూడా ఉన్నారు. ఆరు రోజులకు జమ్మూకశ్మీరు శాసనసభలో ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా మాట్లాడుతూ, అతిథులను క్షేమంగా ఇంటికి పంపవలసినది ఆతిథేయుడిగా తానేననీ, ఆ పని చేయలేకపోయాననీ, క్షమాపణ అడగడానికి మాటలు లేవనీ అన్నారు. అక్కడి శాంతిభద్రతలు ఆయన ప్రభుత్వం చేతిలో లేవు. ‘నా పని కాదు’ అని తప్పుకోవడానికి చట్టం ఆయనకు పూర్తి అవకాశమిచ్చింది. ఆ మరణాలను అడ్డం పెట్టుకొని రాష్ట్ర ప్రతిపత్తి అడగనని కూడా చెప్పారు. శాంతిభద్రతలు చేతిలో ఉన్న లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జులైలో, ఇది భద్రతా వైఫల్యమేననీ, పూర్తి బాధ్యత తనదేననీ అన్నారు. ఇద్దరివీ పరస్పర విరుద్ధమైన రాజకీయాలు. ఇద్దరి వాక్యాలలోనూ కర్త ఉన్నాడు. అయితే ఆ వాక్యాల తరువాత రావలసిన వివరం, అంటే వైఫల్యం ఎక్కడ, ఎందుకు, మరల జరగకుండా ఏమి చేశారన్నది, ప్రజల ముందు పెట్టినప్పుడే వాటికి పూర్ణత్వం. లేకుంటే అవీ అందమైన మాటలుగానే మిగిలిపోతాయి.

మరి మనమేమి కోరాలి? నా మట్టుకు నాకు నాలుగు చాలును. ప్రతి పెద్ద దాడి తరువాతా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, కార్గిల్ సంఘం వంటి స్వతంత్ర విచారణ జరగాలి. రహస్యాలు తీసివేసిన నివేదిక చట్టసభ ముందుకు రావాలి. నిర్దోషిగా తేలినవాడికి, పట్టుకున్నప్పుడు ఎంత గట్టిగా చాటారో అంత గట్టిగా క్షమాపణ చెప్పాలి. మృతుల బొమ్మలూ, సైనికుల శౌర్యమూ ఓట్ల వేదికలు ఎక్కరాదు. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త ఆయుధం అక్కరలేదు, విదేశీ సాయం అక్కరలేదు.

మన వంతు కూడా కొంత ఉన్నది. దాడి జరిగిన మరునాడు ప్రశ్న అడిగినవాణ్ణి దేశద్రోహి అనేదీ మనమే. తప్పు ఒప్పుకున్న నాయకుణ్ణి చేతకానివాడని ఎగతాళి చేసేదీ మనమే. ఒప్పుకుంటే ఓటమి, బుకాయిస్తే గెలుపు అని మనమే నేర్పినప్పుడు, వారు వినయం ఎందుకు నేర్చుకుంటారు?

భారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వస్తాడు. వచ్చి మయసభను పొగడి ఊరుకోడు. కోటలను కాపాడుతున్నావా, వేగులను నమ్మదగినవారినే పెట్టావా, నిరపరాధిని దొంగగా శిక్షించడం లేదు కదా అంటూ ప్రశ్న మీద ప్రశ్న గుప్పిస్తాడు. కొత్తగా రాజ్యం ఏలుతున్న చక్రవర్తి అవన్నీ ఓపికగా విన్నాడు. నొచ్చుకోలేదు, నారదుణ్ణి శత్రుపక్షం వాడనలేదు. ఈనాటి కొలువులకు నారదుడు రాడు. అడగవలసినది మనమే. అడిగినప్పుడు కూర్చొని వినగలిగినవాడినే నాయకుడందాం.

స్వస్తి.